గుడిలో బడి, బడిలో గుడి
(పల్లె పంతుళ్ళ స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)



ఈ స్మారకోపన్యాసాన్ని ఏ ఒక్కరి పేరునా పెట్టకుండా, ఈ చుట్టుపక్కల మిషన్ బడుల్లో పనిచేసి పోయిన పల్లె పంతుళ్ళందరి పేరున పెట్టారు. నేను రావడానికి ఒప్పుకున్నది అందుకే. మన సంఘ చరిత్రలు తిరగేస్తే మిషనరీ దొరలు ఓడ దిగిన తేదీలు, బిషప్పుల అభిషేకాలు, శంకుస్థాపన రాళ్ళ మీది పేర్లు దొరుకుతాయి. పంతులు మాత్రం ‘స్థానిక సహాయకులు’ అన్న రెండు మాటల్లో కలిసిపోతాడు. చాలాచోట్ల ఆయన జీతం లెక్కల పుస్తకంలో ఉంది, పేరు లేదు.

ప్రాథమిక పాఠశాలకూ దాని సంఘానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడమన్నారు. సంబంధం అనగానే రెండు వేరువేరు సంస్థలు, వాటి మధ్య ఒక వంతెన మనసులో మెదులుతాయి. తెలుగు పల్లెల్లో ఆ రెండూ వేరుగా పుట్టలేదు. ఒకే పాక, ఒకే గంట, ఒకే మనిషి. అవి విడిపోవడం తరవాతి కథ. ఎవరు విడదీశారు, విడిపోయాక ఎవరికి ఏం మిగిలింది అన్నదే ఈ పూట నా ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సంఘం బడికి చేసినదానికంటే బడి సంఘానికి చేసింది చాలా ఎక్కువ. ఆ బాకీ సంఘం ఇంకా తీర్చలేదు.

“మాకో పంతులిని పంపండి.” పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో, ఆ తరవాత కూడా, మాల, మాదిగ పల్లెల పెద్దలు మిషన్ బంగళా మెట్ల దగ్గర నిలబడి అడిగిన మాట ఎక్కువసార్లు ఇదే. బాప్తిస్మం మాట దాని వెనక వచ్చేది. మిషనరీ కూడా ఊరికే పంపేవాడు కాదు, షరతులు పెట్టేవాడు. చచ్చిన గొడ్డు మాంసం మానాలి. సారా మానాలి. ఆదివారం పనిలోకి పోకూడదు. పిల్లల్ని బడికి పంపాలి. ప్రార్థనకు మీరే ఒక పాక వేసుకోవాలి. ఈ షరతుల్లో ఆదివారం పని మానడం అన్నిటికన్నా కష్టం. పాలేరుకు సెలవు ఇచ్చేది దేవుడు కాదు, ఆసామి. అయినా పెద్దలు ఒప్పుకుని వెళ్ళి తాటాకు, వాసాలు కూడేసేవాళ్ళు.

ఆ పాక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మట్టిగోడలు, పేడతో అలికిన నేల, తాటాకు కప్పు. పొద్దున బడి, రాత్రి గుడి. వేరే ఇల్లు దొరక్కపోతే ఒక మూల పంతులు సంసారం. గోడకు నల్లబల్ల, దాని కింద ఒక చెక్కబల్ల. ఆదివారం నాడు ఆ చెక్కబల్ల మీదే తెల్లగుడ్డ పరిచేవారు, అది ప్రభువు బల్ల అయ్యేది. బయట వేపచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్కను సుత్తితో కొడితే బడికీ అదే గంట, ప్రార్థనకూ అదే గంట. ఏ గంట దేనికో పల్లెవాళ్ళకు పొద్దును బట్టి తెలిసేది.

పంతులు రోజు కూడా అలాగే ఉండేది. తెల్లవారి కూలికి పోయేవాళ్ళు పోకముందు చిన్న ప్రార్థన. వాళ్ళు పోయాక పిల్లల బడి. పిల్లల్లో సగం మంది గొడ్లు కాసేవాళ్ళు, పెద్దింటి జీతగాళ్ళు. వాళ్ళు పొద్దున రాలేరు కాబట్టి రాత్రి బడి. కిరసనాయిలు బుడ్డి చుట్టూ కూర్చుని ‘పెద్ద బాలశిక్ష’ దిద్దిన తరవాత అదే బుడ్డి వెలుతురులో పాట, వాక్యం, ప్రార్థన. చదువు ఎక్కడ ఆగిందో, ఆరాధన ఎక్కడ మొదలైందో గీత గీయమంటే ఆ పంతులు గీయలేడు.

ఈ కలగలుపుకు ఒక మంచి ఫలితం ఉంది. పిల్లవాడు పలక మీద నేర్చిన అక్షరాలతో మొదట చదివిన అచ్చు పుస్తకం చాలాసార్లు కీర్తనల పుస్తకం. పురుషోత్తమ చౌదరి వంటి కవులు రాసిన కీర్తనలు, చదువురాని పెద్దవాళ్ళ నోటికి ఈ పిల్లల ద్వారా చేరాయి. పిల్లవాడు ఒక చరణం చదివి వినిపిస్తాడు, అవ్వ నోటికి పట్టేస్తుంది. బాప్తిస్మానికి ముందు పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు అప్పచెప్పాలని నియమం ఉన్నచోట ఆ పాఠం చెప్పింది కూడా పంతులే, కొన్నిచోట్ల పంతులు దగ్గర చదివే పిల్లలే. మన సంఘానికి వేదాంతం నేర్పింది పాస్టర్లను తయారుచేసే గురువిద్యాలయం అనుకుంటాం. నిజానికి నేర్పింది ఒకటో తరగతి.

పంతులమ్మను మరిచిపోతే ఈ లెక్క సగమే. భార్యకు అక్షరం ముక్క వస్తే ఆడపిల్లలు ఆమె దగ్గర కూర్చునేవారు. చాలాచోట్ల ఆమెకు జీతం లేదు. ఆయనకిచ్చే జీతంలోనే ఆమె పని కూడా కలిపేశారు. ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలకైనా ఎంతో కొంత ముట్టేది. పంతులమ్మకు దక్కింది ‘అమ్మగారూ’ అన్న పిలుపొక్కటే. మాల మాదిగ పల్లెలో ఒక ఆడమనిషిని గారు పెట్టి పిలవడం ఆనాటికి చిన్న సంగతి కాదని మాత్రం చెప్పాలి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. పారిష్ గుడి పక్కనే పారిష్ బడి ఉండాలన్న ఆలోచన ఇంగ్లండునుంచి దిగుమతి అయిందని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. కొంత నిజమే. బీద పిల్లలకు సంఘం ఆధ్వర్యంలో బడులు పెట్టడానికి అక్కడ 1811లో నేషనల్ సొసైటీ ఏర్పడింది. అయితే ఆ బడుల్లో పాఠం చెప్పిన పద్ధతికి అప్పట్లో అక్కడ పేరేమిటో తెలుసా? మద్రాసు పద్ధతి. ఆండ్రూ బెల్ అనే చర్చి గురువు 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం చూసేవాడు. ఒకనాడు దారిలో మన వీధిబడి పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దుతుంటే చూశాడు. తన ఉపాధ్యాయులను అలా చెప్పమంటే వాళ్ళు ఖాతరు చేయలేదు. దాంతో జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లవాడికి చిన్న తరగతి అప్పగించాడు. పెద్దపిల్లవాడు చిన్నపిల్లవాడికి దిద్దించే మన అరుగుబడి పద్ధతే అది. బెల్ 1797లో లండన్‌లో ఆ ప్రయోగం గురించి పుస్తకం వేశాడు, తరవాత నేషనల్ సొసైటీ బడులన్నీ ఆ దారి పట్టాయి. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో బెల్ సొమ్ముతో వెలసిన బడిని ఈనాటికీ మద్రాస్ కాలేజీ అనే పిలుస్తారు. అంటే మిషనరీలు బందరు రేవులో దిగేనాటికే మన వీధి అరుగు మీది ఇసక ఇంగ్లండు పల్లె గుళ్ళ పక్కకు పోయి వచ్చింది. ఎవరు ఎవరికి నేర్పారన్న పోటీ పెట్టుకోవడానికి చెప్పడం లేదు. ఎక్కడైనా బీదవాళ్ళకు చదువు చెప్పాలంటే పలకలు కొనే డబ్బు ముందు కరువవుతుంది, ఇసక అన్నిచోట్లా దొరుకుతుంది, అంతే.

అసలు కథకు వద్దాం. తెలుగునాట మిషన్ బడికి మొదట్లో రెండు దారులు కనిపించాయి. ఈ రెండు దారులూ గుర్తుంటే తరవాతి నూటయాభై ఏళ్ళూ సులువుగా అర్థమవుతాయి.

మొదటిది బందరు దారి. చర్చ్ మిషనరీ సొసైటీ పంపిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. 1843లో నోబుల్ బడి తెరిచాడు. అందులో చేరింది అగ్రకులాల పిల్లలు. రోజూ బైబిలు పాఠం తప్పదు, కానీ మాల మాదిగ పిల్లలకు ప్రవేశం లేదు. పైకులాలు మారితే ఆ మార్పు మెల్లగా కిందికి దిగుతుందన్నది నోబుల్ నమ్మకం. సాటి మిషనరీల్లోనే దీని మీద విమర్శలు వచ్చాయి, ఆయన చలించలేదు. బడికి మంచి పేరు వచ్చింది. అయితే 1850లలో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే బడి ఖాళీ అయింది. బైబిలు పాఠం వినడానికి తల్లిదండ్రులకు అభ్యంతరం లేదు, గుడి గడప దాటడానికే ఉంది. కొన్నాళ్ళకు పిల్లలు మళ్ళీ వచ్చారు, బడి నిలదొక్కుకుంది. 1865లో నోబుల్ అక్కడే కన్నుమూశాడు. ఆయన నిజాయితీని నేను శంకించను. పెళ్ళి చేసుకోకుండా, స్వదేశం వెళ్ళకుండా జీవితమంతా ఆ బడికే పెట్టాడు. కానీ అది సంఘం లేని బడి. దాని బెంచీల మీద కూర్చున్నవాళ్ళకూ ఆదివారం చాపల మీద కూర్చున్నవాళ్ళకూ ముఖపరిచయం లేదు.

రెండోది ఒంగోలు దారి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆయన కూడా బందరు దారిలోనే మొదలుపెట్టాడు. ఊళ్ళో బ్రాహ్మణ, ఇతర పైకులాల కుటుంబాలు పిల్లల్ని పంపుతామన్నాయి, బడి నడిచింది. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఇంతలో తాళ్ళకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. మాదిగవాడు, తోళ్ళ వ్యాపారి. ఆయన వెనక ఆయన మనుషులు వచ్చారు. అప్పుడు ఊరి పెద్దలు క్లఫ్ ముందు తేల్చిచెప్పారు: వీళ్ళను చేర్చుకుంటే మా పిల్లలు రారు. ఏం చేయాలో తోచక క్లఫ్ తన గదిలో బైబిలు తెరిస్తే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో దేవుడు లోకం తృణీకరించినవాళ్ళను ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం వచ్చిందట. వేరే గదిలో భార్య హ్యారియట్ తెరిచిన పుస్తకంలోనూ అదే పేజీ. ఈ కథను క్లఫ్ స్వయంగా రాసుకున్నాడు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. నాకు ఆ అద్భుతం కంటే దాని తరవాత జరిగింది ముఖ్యం. ఆయన పేరయ్య మనుషుల్ని చేర్చుకున్నాడు. పైకులాల పిల్లలు బడి విడిచి వెళ్ళిపోయారు.

సంఘం కోసం బడిని పోగొట్టుకోవడం అంటే అది. పోగొట్టుకున్న బడి స్థానంలో ఆయనకు వందలాది పల్లె బడులు అవసరమయ్యాయి. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని కూలీలకు తిండి పెట్టాడు. గంజి కోసం చేరారన్న మాట రాకుండా కరువు నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. కరువు తీరాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ అంకెను మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ మర్నాటి సంగతి ఎవరూ చెప్పరు. అన్ని వేలమంది, అక్షరం వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళ పల్లెలకు ఎవరు వెళ్ళాలి? పంతులే వెళ్ళాలి. లేడు. తయారుచేయాలి. గుంటూరులో, నెల్లూరులో, ఒంగోలులో, బందరులో, దోర్నకల్లులో ఉపాధ్యాయ శిక్షణ బడులు వెలిసింది ఈ పంతుళ్ళ కరువు తీర్చడానికే. మహాకవి గుర్రం జాషువ కొన్నేళ్ళు గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పాఠాలు చెప్పాడని మీకు తెలిసే ఉంటుంది. ఆయన దగ్గర తెలుగు నేర్చుకున్న కుర్రవాళ్ళు ఏ తాటాకు పాకల్లో ఆ తెలుగు చెప్పారో ఎవరూ వెతకలేదు.

డబ్బు మాట. 1854 ఉడ్ డిస్పాచి తరవాత ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంటు రావడం మొదలైంది. మిషన్ బడులకూ వచ్చింది. సర్కారు తూచేది లెక్కలు, చదవడం, రాయడం మాత్రమే. మతపాఠానికి గ్రాంటు లేదు. మద్రాసు రాజధానిలో కొంతకాలం ఫలితాన్ని బట్టి గ్రాంటు అనే పద్ధతి నడిచింది. ఇనస్పెక్టరు వచ్చి పిల్లల్ని నిలబెట్టి పరీక్ష పెడతాడు, ఎంతమంది గట్టెక్కితే అంత డబ్బు. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచమ బడులకు, అంటే అంటరానివాళ్ళన్న కులాల పిల్లల బడులకు, ప్రత్యేక రాయితీలు ఇచ్చాక మిషన్లకు ఇంకాస్త ఊపిరి వచ్చింది. దానితోపాటు పంతులుకు ఇద్దరు యజమానులు వచ్చారు. ఇనస్పెక్టరు వస్తున్నాడంటే ఎక్కాలు, మిషనరీ వస్తున్నాడంటే ఆజ్ఞలు. ఇద్దరూ ఒకే వారంలో వస్తే పిల్లల గతి ఏమిటో ఊహించుకోండి.

గుడికీ బడికీ మధ్య మొదటి గీత అక్కడే పడింది. ఆ గీత గీసింది సర్కారు కదా అని కోపగించుకోవడానికి నాకు కారణం కనిపించదు. నిజానికి సర్కారు లెక్క అడగడం వల్లే బడి బడిగా మిగిలింది. అడిగేవాడు లేనిచోట అక్షరాలు వెనకబడి, కంఠతా పట్టడం ముందుకొచ్చింది. 1920లో వచ్చిన ఫ్రేజర్ కమిషన్ నివేదిక మిషన్ల సొంత మనుషులు రాసుకున్నదే. పల్లె బడుల చదువు నిలవడం లేదని వాళ్ళే ఒప్పుకున్నారు. 1929లో హార్టాగ్ కమిటీ దేశం మొత్తం ప్రాథమిక విద్య గురించి అదే మాట ఇంకా కఠినంగా చెప్పింది: చేరినవాళ్ళలో ఎక్కువమంది అక్షరాస్యులు కాకుండానే మానేస్తున్నారని. మన పంతుళ్ళ స్మారకసభలో ఈ మాట చెప్పడం మర్యాద కాదేమో. కానీ ఒక్కడే మనిషి, ఐదు తరగతులు, పొలాల్లో సగం మంది పిల్లలు, రాత్రి ప్రార్థన, మధ్యలో పల్లెలో తగువులు తీర్చడం, చావులకు సమాధి ప్రార్థన. ఆ నివేదికల్లో నింద పంతులు మీద పడిందనుకుంటే పొరపాటు, పడింది ఆయన నెత్తిన అన్ని పనులు పెట్టిన ఏర్పాటు మీద.

దోర్నకల్లు గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. నిజాం రాజ్యంలోని ఆ చిన్న రైలు జంక్షను కేంద్రంగా 1912 డిసెంబరు 29న వేదనాయకం శామ్యూల్ అజరయ్య బిషప్పయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయనే. తిరునెల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని పల్లెపల్లె తిరిగాడు. ఆయనకు రెండు పట్టుదలలు. సంఘం తన ఖర్చు తనే భరించాలి. పల్లె మనిషే పల్లె సంఘాన్ని నడపాలి. మొదటిదానికి పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తుంది, ఆదివారం అది గుడికి చేరుతుంది. రెండోదానికి పంతులు. పంతులుగా పదేళ్ళో పదిహేనేళ్ళో నలిగినవాళ్ళలోంచి సంఘ గురువులను ఎంచడం. తెలుగునాట ఆనాటి మొదటి తరాల గురువుల్లో నల్లబల్ల దగ్గర మొదలుపెట్టినవాళ్ళే ఎక్కువ. ఈ రెండు పట్టుదలలనూ కలిపి చూడండి. గంజినీళ్ళు తాగే ఇల్లాలి పిడికెడు బియ్యంలో కొంత, పక్కింటి పిల్లవాడికి అక్షరం చెప్పే మనిషి కడుపులోకి పోయింది. సంఘానికీ బడికీ సంబంధం అంటే నాకు తెలిసిన అత్యంత స్పష్టమైన రూపం అదే. ఆ ఇల్లాలికి తన బియ్యం ఎక్కడికి పోతున్నదో తెలుసు. పంతులుకు తన తిండి ఎవరి పొయ్యి నుంచి వస్తున్నదో తెలుసు.

ఇదంతా వింటే అది స్వర్ణయుగం అనిపించవచ్చు. కాదు. అందులో ఒక చెడు కూడా ఉంది, అది ఇప్పటికీ పోలేదు. పంతులు ఉద్యోగం గురువు చేతిలో ఉండడం. మిషనరీలు పోయాక, సర్కారు గ్రాంటుతో నడిచే ఎయిడెడ్ బడులకు కరస్పాండెంటు అనే పదవి ఊరి పాస్టరు గారికో, ఇంకో గురువుకో దక్కింది. జీతం బిల్లు మీద సంతకం ఆయనది. బదిలీ ఆయన మాట మీద. ఆదివారం గుడికి రాని టీచరుకు సోమవారం మెమో ఇచ్చిన బడి నాకు తెలుసు. సంఘ ఎన్నికల్లో ఎదుటి వర్గానికి ఓటేసిన హెడ్మాస్టరును జిల్లా చివరికి పంపిన ఉదంతమూ తెలుసు. పేర్లు చెప్పను, ఇక్కడున్న పెద్దవాళ్ళకు చెప్పాల్సిన పని కూడా లేదు. పంతులు సంఘానికి సేవకుడైనప్పుడు బడి బాగుపడింది. పంతులు గురువుకు సేవకుడైనప్పుడు బడీ చెడింది, సంఘమూ చెడింది. కథోలిక విచారణల్లో, అంటే పారిష్‌లలో, మఠకన్యలు బడి నడిపినచోట ఈ గొడవ కొంత తక్కువ. అక్కడ టీచరు, మఠం, ఫాదరు గారు మూడు వేరువేరు కొలువులు కాబట్టి ఒకరి మీద ఒకరికి కొంత అదుపు ఉంది. మన ప్రొటెస్టంటు సంఘాల్లో ప్రజాస్వామ్యం ఎక్కువ, అదుపు తక్కువ.

స్వాతంత్ర్యం తరవాత రాజ్యాంగం రెండు మాటలు చెప్పింది. 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం, సర్కారు గుర్తింపు గాని సాయం గాని ఉన్న బడిలో ఎవరినీ వాళ్ళ ఇష్టం లేకుండా, మైనరైతే సంరక్షకుల ఇష్టం లేకుండా, మతబోధకు కూర్చోబెట్టకూడదంది. రెండూ న్యాయమే. మన బడుల్లో పొద్దున ప్రార్థనకు హిందూ, ముస్లిం పిల్లలు కూడా నిలబడ్డారు, పాడారు, క్రిస్మస్ నాటకంలో జ్ఞానుల వేషాలూ వేశారు. అభ్యంతరం చెప్పినవాళ్ళు నాకు తారసపడలేదు. అయితే చెప్పే హక్కు వాళ్ళకుందని మన టీచర్లలో ఎంతమంది చెప్పారు? తక్కువే.

ఈ అధికరణాల కంటే బడికీ గుడికీ మధ్య లోతైన గీత గీసింది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. షెడ్యూల్డు కులాల గుర్తింపు హిందువులకే అని అది తేల్చింది. తరవాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు. దీని ఫలితం ఒకటో తరగతి అడ్మిషన్ రిజిస్టరులో కనిపిస్తుంది. గుడి బాప్తిస్మపు రిజిస్టరులో పిల్లవాడి పేరు ప్రకాశం, బడి రిజిస్టరులో వెంకటేశ్వర్లు. ఒకే ప్రాంగణంలో రెండు బీరువాలు, రెండింటిలో ఒకే పిల్లవాడు రెండు పేర్లతో. రెండు రిజిస్టర్లూ రాసింది ఒకే పంతులు చేతిరాతతో అయిన చోట్లూ ఉన్నాయి. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. నేననను. ఆకలికీ విశ్వాసానికీ మధ్య ఒకదాన్ని ఎంచుకోమని ఒక ఆరేళ్ళ పిల్లవాడి తండ్రిని అడిగింది ఎవరు? దానికి జవాబు చెప్పాల్సింది పంతులు కాదు.

ఇంగ్లండులో దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ ప్రాథమిక పాఠశాలల్లో నాలుగో వంతు దాకా చర్చ్ ఆఫ్ ఇంగ్లండువే. 1944 చట్టం వాటిని ముఖ్యంగా రెండు రకాలుగా చీల్చింది. అప్పట్లో భవనాల ఖర్చులో సగం పెట్టుకోగలిగిన బడి ఎయిడెడ్ అయింది, పిల్లల ప్రవేశాల మీద, టీచర్ల నియామకం మీద దానికి ఎక్కువ పట్టు. పెట్టుకోలేనిది కంట్రోల్డ్, ఖర్చు సర్కారుది, సంఘం మాట తక్కువ. పేరున్న ఎయిడెడ్ బడుల్లో సీట్లు చాలనప్పుడు గుడికి క్రమంగా వచ్చే కుటుంబాల పిల్లలకు ప్రాధాన్యం ఇచ్చే పద్ధతి ఉంది. అందుకని బడిలో సీటు కోసం తల్లిదండ్రులు గుడికి వెళ్ళడం మొదలుపెడతారన్నది అక్కడ పాత ఫిర్యాదు. వాళ్ళకు బడి కోసం లేని విశ్వాసం చూపించాల్సిన అవసరం, మనకు బడి కోసం ఉన్న విశ్వాసం దాచాల్సిన అవసరం. రెండుచోట్లా మధ్యలో నలిగింది పిల్లవాడి దరఖాస్తు కాగితమే.

ఇప్పుడు మన బడులు ఎలా ఉన్నాయో మీకు నేను చెప్పాలా? ఎయిడెడ్ పోస్టుల్లో రిటైరైనవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు రాలేదు. ఐదుగురు టీచర్ల బడి ముగ్గురిదై, ఒక్కరిదై, కొన్ని మూతబడ్డాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ యాజమాన్యాలను అడిగింది: ఆస్తులతో సహా అప్పగిస్తారా, సిబ్బందిని మాకిచ్చి ప్రైవేటుగా నడుపుకుంటారా? తల్లిదండ్రులు, విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ నవంబరులో పాత పద్ధతిలో కొనసాగే వీలు, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలు కూడా ఇచ్చారు. ఆ నెలల్లో నేను గమనించింది ఒకటే. బడి పోతుందని రోడ్డు మీదికి వచ్చినవాళ్ళలో సంఘస్థులు కాని తల్లులు కూడా ఉన్నారు. సంఘ కమిటీలు కొన్నిచోట్ల స్థలం విలువ ఎంతో లెక్కేస్తూ కూర్చున్నాయి.

దీని పక్కన ఇంకో బొమ్మ పెట్టండి. అదే డయోసిస్‌లు, అదే సినడులు, అదే మఠాలు పట్నాల్లో ఇంగ్లీషు మీడియం బడులు నడుపుతున్నాయి. మంచి భవనాలు, మంచి ఫలితాలు, గట్టి ఫీజులు. మన భాషలో ఇంగ్లీషు మీడియం బడి ఎవరు పెట్టినా కాన్వెంటే అయిందంటే ఆ పేరు ప్రతిష్ఠ ఎంతటిదో తెలుస్తుంది. వాటిలో ప్రార్థన ఉంది, నీతిబోధ ఉంది, బైబిలు వాక్యం గోడ మీద ఉంది. పిడికెడు బియ్యం వేసిన ఇల్లాలి మనమరాలు మాత్రం ఎక్కడో సర్కారు బడిలో ఉంది. ఇది బందరు దారి. నూటయాభై ఏళ్ళ కిందట ఒంగోలులో కాదనుకున్న దారికే మనం చేరాం, ఈసారి ఎవరూ బైబిలు తెరిచి చూసుకోలేదు. ఫీజు బడి లాభంతో పల్లె బడిని బతికిస్తామని ప్రతి బడ్జెటు సమావేశంలోనూ అంటారు. ఆ పద్దు కింద నిజంగా ఎంత ఖర్చయిందో చదివి వినిపించిన సమావేశం నాకు జ్ఞాపకం లేదు.

పల్లె బడిని పాత పాకలోకి తీసుకెళ్ళమని నేను అనడం లేదు. పంతులు గురువు కానక్కర్లేదు, గురువు చేతి కింద ఉండకపోవడమే మేలని పైనే చెప్పాను. సర్కారు బడి ఉన్న ఊళ్ళో పక్కనే మరో బడి నడపడం కూడా అన్నిచోట్లా తెలివైన పని కాదు. ఆ సర్కారు బడి పిల్లలకు సాయంత్రం గుడి వసారాలో చదువు చెప్పే ఏర్పాటు చేస్తే చాలు, పాత రాత్రి బడి అంతకంటే ఎక్కువ చేయలేదు. దానికి గ్రాంటు అక్కర్లేదు, కరస్పాండెంటూ అక్కర్లేదు. టీచరుకు ఇవ్వాల్సిన జీతం మటుకు కావాలి, అది సంఘం ఇవ్వాలి. ఉచిత సేవ అనే పేరుతో డిగ్రీ చదివిన ఆడపిల్లలతో పని చేయించుకోవద్దు. పంతులమ్మకు చేసిన అన్యాయం ఒకసారి చాలు.

ఇక ఇందాక చెప్పిన రెండు బీరువాల సంగతి. బాప్తిస్మపు రిజిస్టర్లను గురువులు ఇనప పెట్టెలో పెట్టి జాగ్రత్త చేస్తారు. అడ్మిషన్ రిజిస్టర్లు చెదలకు పోతున్నాయి. బడి మూతబడితే వాటిని కట్టకట్టి పాతకాగితాల కింద అమ్మేసిన చోట్లు కూడా ఉన్నాయి. ఎవరి తాత మొదట సంతకం చేయడం నేర్చాడో, ఎవరి అవ్వ మూడో తరగతిలో మానేసి కూలికి పోయిందో, పంతులు ఎవరో, ఆయన ఎప్పుడు వచ్చి ఎప్పుడు బదిలీ అయ్యాడో ఆ పుస్తకాల్లోనే ఉంది. పల్లె పంతుళ్ళ పేర్లు లేవని మొదట్లో అన్నాను. సంఘ చరిత్రల్లో లేవు, హాజరు పట్టీల అడుగున సంతకాల్లో ఉన్నాయి. ఈ స్మారక నిధి వడ్డీతో ఏటా నాలాంటి వాడికి శాలువా కప్పే బదులు ఆ పుస్తకాలను స్కాన్ చేయించండి.

ఇంకొక విన్నపం, పాస్టరేటు కమిటీకి. మన ఆదివారపు బడికి వచ్చే పిల్లల్లో ఎంతమంది మన సొంత బడుల్లో చదువుతున్నారు, వాళ్ళలో ఎంతమంది ఫీజు కట్టకుండా చదువుతున్నారు? రెండే అంకెలు. ట్రెజరరు గారు వచ్చే సభలో ఆ రెండూ చదివి వినిపిస్తే, నా తరవాత ఇక్కడికి వచ్చేవాళ్ళు నా అంతసేపు మాట్లాడాల్సిన పని ఉండదు.